బ్రాయిలర్ దాణాలో పసుపు, వెల్లుల్లి, మునగాకు: ఎంత, ఎప్పుడు, ఎలా కలపాలి

"కోళ్లకి పసుపు ఎంత వెయ్యాలండి?" ఉత్తరాంధ్రలో రణస్థలం నుంచి పలాస దాకా, చీపురుపల్లి నుంచి బొబ్బిలి దాకా సొంతంగా బ్రాయిలర్లు పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. గ్రాముల్లో జవాబు ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. కానీ పసుపు వేసినా ఫలితం కనపడలేదంటే చాలాసార్లు తప్పు గ్రాముల్లో ఉండదు. పొడి బూజు పట్టి ఉంటుంది, లేదా దాణాలో సమానంగా కలిసి ఉండదు. పెట్టిన డబ్బు తిరిగొచ్చిందో లేదో ఎవరూ తూచి చూసి ఉండరు. ఈ మూడూ సరిగ్గా జరగాలంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే. మొక్కల పొడులు టీకాకి బదులు కావు, రోగానికి మందు కావు, నాసిరకం దాణాని మంచి దాణాగా మార్చవు. అన్నీ బాగున్న ఫారంలో పేగు ఆరోగ్యాన్ని కాస్త కాపాడతాయి. తిన్న మేత కొంచెం ఎక్కువగా ఒంటబడుతుంది. మాంసం త్వరగా చెడకుండా కొంత సాయం చేస్తాయి. ఆ "కొంచెం" కోసమే ఈ శ్రమంతా.

1. పొడి కొనేముందు ఫారం చూసుకోండి

కింద ఉన్నవాటిలో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా పసుపు మీద డబ్బు పెట్టకండి. ఆ డబ్బు ముందు దాని మీద పెట్టండి.

- ఏడో రోజు బరువు: పిల్ల వచ్చిన రోజు బరువుకి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. 42 గ్రాముల పిల్ల వారానికి 170 గ్రాములు దాటాలి. దాటలేదంటే బ్రూడింగ్‌లోనో (చిన్న పిల్లలకి వెచ్చదనం ఇచ్చి పెంచడం), పిల్లలోనో లోపం ఉంది. తర్వాత ఎన్ని పొడులు వేసినా ఆ వెనకబాటు పూడదు.
- లిట్టర్: కోళ్ల కింద పరిచిన ఊకని గుప్పెట పట్టి గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. పొడిపొడిగా విడిపోతే బాగున్నట్టు.
- నీళ్లు: బోరు నీళ్లని ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించండి. సముద్రం దగ్గరి మండలాల్లో ఉప్పదనం ఎక్కువగా ఉండొచ్చు. అలాంటి చోట దాణాలో వేసే ఉప్పు కూడా ఆ నీళ్లని బట్టి తగ్గించాలి.
- మొక్కజొన్న: బూజు, పగుళ్లు, నల్ల మచ్చలు ఉన్న గింజ వద్దు. సగటు తేమ 12 శాతం లోపు ఉండాలి.
- టీకాలు: రాణిఖేత్, అంటే మన కొక్కెర తెగులు, గంబోరో టీకాలు వేళకి పడాలి.

మొక్కజొన్న గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. మన దగ్గర రబీ గింజ రోడ్ల మీదే ఆరుతుంది. పైన ఎండినట్టు కనిపించి లోపల తేమ ఉండిపోతుంది. తేమ కొలిచే మిషన్ లేకపోతే ఇలా చూడండి. బాగా ఎండిన గాజు సీసాలో సగం దాకా గింజలు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు ఊపండి. కాసేపు కదపకుండా ఉంచండి. ఉప్పు గాజుకి అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, ఆ గింజ కొనొద్దు. అంటుకోకపోతే 15 శాతం లోపు ఉందని అనుకోవచ్చు, అయినా 12 లోపుకి రావాలంటే ఇంకా ఎండ తగలనివ్వాలి. తేమ గింజలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. దాన్ని వెల్లుల్లి సరిచెయ్యలేదు.

2. మీ ఫారం ఏ రకం?

కంపెనీ పిల్ల, కంపెనీ దాణా తీసుకుని పెంపకం కూలి మీద నడిపేవాళ్లు సూపర్‌వైజర్‌ని అడక్కుండా దాణాలో ఏమీ కలపకండి. దాణా వాళ్లది, ఒప్పందం వాళ్లది. తేడా వస్తే లెక్క మీ మీద పడుతుంది.

దాణా కొని సొంతంగా పెంచేవాళ్లకి వచ్చేది ఎక్కువగా పెల్లెట్ (గుళికల దాణా), క్రంబుల్ (ఆ గుళికలు నలిపిన నూక). వాటి మీద పొడి చల్లితే జారి తొట్టి అడుగుకి చేరుతుంది. దానికి ఉపాయం 5వ భాగంలో ఉంది.

దాణా సొంతంగా ఆడించుకునేవాళ్లకి అన్నిటికంటే వీలు. మొక్కజొన్న నూక, సోయా చెక్క, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) కలిపే చోటే పొడి కూడా చేరుతుంది. అయితే అసలు దాణా లెక్క తప్పకూడదు. భారతీయ ప్రమాణాల ప్రకారం బ్రాయిలర్ దాణాలో ఉండాల్సినవి ఇవి:

- ప్రీ స్టార్టర్ (మొదటి రోజుల దాణా): మాంసకృత్తులు 23 శాతం, శక్తి కిలోకి 3000 కిలో కేలరీలు
- స్టార్టర్ (ఆ తర్వాతిది): 22 శాతం, 3100
- ఫినిషర్ (అమ్మే దాకా వేసే ఆఖరి దాణా): 20 శాతం, 3200

3. ఏ మొక్క, కిలో దాణాకి ఎంత

ఇవన్నీ బాగా ఎండిన పొడి బరువులు. పచ్చివి కావు.

- పసుపు: 2.5 నుంచి 5 గ్రాములు
- వెల్లుల్లి పొడి: 2.5 నుంచి 5 గ్రాములు
- శొంఠి: 2.5 నుంచి 5 గ్రాములు
- మునగాకు పొడి: 10 నుంచి 20 గ్రాములు
- ఉసిరి పొడి: 2.5 నుంచి 5 గ్రాములు, ఎండాకాలంలో
- తులసి ఆకు పొడి: 2 నుంచి 5 గ్రాములు
- మెంతుల పొడి: 5 గ్రాములు మించకుండా
- వేపాకు పొడి: 1 నుంచి 2 గ్రాములు, మూడు వారాలు దాటాకే

జాబితా చూసి అన్నీ ఒకేసారి వెయ్యాలనిపిస్తుంది. వద్దు. ఐదారు కలిపితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు. నా సలహా: మొదటి బ్యాచ్‌లో పసుపు, వెల్లుల్లి మాత్రమే, చెరో 3 గ్రాములు. సొంత మునగ చెట్లుంటే రెండో బ్యాచ్ ఫినిషర్‌లో మునగాకు చేర్చండి.

మునగాకు పొడిలో మాంసకృత్తులు 25 శాతం దాకా ఉంటాయి. అది విని సోయా చెక్క తగ్గించి ఆ స్థానంలో మునగాకు వేసేవాళ్లున్నారు. దీంతో నష్టమే. ఆకులో పీచు ఎక్కువ, శక్తి తక్కువ. కోడి ఎదుగుదలకి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో ఉన్నంత అందులో ఉండదు. 100 కిలోల దాణాలో కిలోన్నర మునగాకు వేస్తే, నూనె తీసిన తవుడులోంచి కిలోన్నర తగ్గించండి. మొక్కజొన్నని, సోయాని ముట్టుకోకండి.

పసుపు వేస్తే చర్మం పచ్చగా వస్తుందని చాలామంది నమ్మకం. పసుపులోని కర్కుమిన్ చర్మంలో పెద్దగా నిలవదు. కోడికి పచ్చదనం ఇచ్చేవి పసుపు రంగు మొక్కజొన్న, బంతిపూల రేకులు, మునగాకు లాంటివాటిలో ఉండే వేరే రంగులు. రంగు కోసమైతే పసుపు కొనక్కర్లేదు.

మేతలోకి అసలు రానివ్వకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. మునగాకు దొరకలేదని సుబాబుల్ ఆకు వాడొద్దు, అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది. ఆముదం చెక్క వద్దు. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కలవాళ్లకి జీడి పరిశ్రమ నుంచి ముక్క పప్పు చవగ్గా దొరుకుతుంది. బూజు లేని పప్పు మంచి శక్తినిచ్చే మేతే. కానీ అందులో జీడిపిక్క పెంకు ముక్కలు కలవకూడదు. పెంకులోని జీడి నూనె నోటినీ పేగునీ కాల్చేస్తుంది. పప్పు మీది ఎర్ర పొట్టులో వగరు ఎక్కువ, దాన్నీ ఏరెయ్యండి.

4. సరుకు ఎంచుకోవడం, ఎండబెట్టడం

పసుపు: పొడి కొనకండి, కొమ్ములు కొనండి. బజారు పొడిలో మెటానిల్ ఎల్లో రంగు, లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న రంగు) కల్తీ ఉండే ప్రమాదం ఉంది. సీసం కోడి ఒంట్లో చేరితే అది తినేవాళ్ల దాకా వస్తుంది. సీతంపేట, సాలూరు వైపు ఏజెన్సీ సంతల్లో పంట వచ్చే రోజుల్లోనే ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు కొనిపెట్టుకోండి. మనకి మెరుపు అక్కర్లేదు కాబట్టి పాలిష్ పెట్టని కొమ్ములు, దుంపలు సరిపోతాయి. విరిస్తే టక్కున విరగాలి. వంగితే ఇంకా ఎండాలి.

పొడే కొనాల్సి వస్తే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుక్కి దిగి, పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. కల్తీదైతే నీళ్లు ముదురు పసుపు రంగులోనే ఉండిపోతాయి.

వెల్లుల్లి: చిన్న రెబ్బలవి, సైజు తక్కువని పక్కన పెట్టినవి కొనండి. ధర తగ్గుతుంది, గుణం తగ్గదు. మొలకెత్తినవి, మెత్తబడినవి తీసెయ్యండి. పొట్టు తీసి పల్చని చక్రాలుగా కోసి, పల్చటి గుడ్డ కప్పి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. పెనం మీద వేయించొద్దు. వెల్లుల్లిని నలిపినప్పుడు ఘాటు పుట్టించే ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, ఇక ఆ పొడిలో వాసనే మిగులుతుంది. మూడు కిలోల వెల్లుల్లికి సుమారు కిలో పొడి వస్తుంది.

వానాకాలంలో మన తీరం గాలికి వెల్లుల్లి ఎండదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వాడాల్సింది ఎండాకాలంలోనే ఎండబెట్టి గాలి దూరని డబ్బాల్లో పెట్టుకోవాలి. అది కుదరకపోతే పచ్చి వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి కిలో దాణాకి 9 గ్రాముల లెక్కన కలపండి. అలా కలిపిన దాణా ఆ రోజే అయిపోవాలి. మర్నాటికి పులుస్తుంది.

మునగాకు: పురుగుమందు కొట్టిన చెట్టు ఆకు వద్దు. గొంగళి పురుగుకి మందు కొట్టి ఉంటే ఆ కోత వదిలేసి తర్వాతి చిగురు తీసుకోండి. కొమ్మలు కోసి నీళ్లలో జాడించి, నీరు కారేదాకా వేలాడదీయండి. ఈనెలు తీసేసి నీడలో పల్చగా పరిచి రోజుకి రెండుసార్లు తిప్పండి. ఎండలో వేస్తే ఒక్కరోజులో ఎండుతుంది గానీ విటమిన్ ఎ పోతుంది, ఆకు గోధుమ రంగుకి తిరుగుతుంది. సరిగ్గా ఎండిన ఆకు పచ్చగానే ఉండి, పిడికిట్లో నలిపితే గలగలమని పొడవుతుంది. ఐదారు కిలోల పచ్చాకుకి కిలో పొడి లెక్క వేసుకోండి.

పొడి కొట్టించాక:

- సన్న జల్లెడ పట్టండి. నారలు, ఈనెలు కోడి వదిలేస్తుంది.
- చల్లారాకే డబ్బాలో పొయ్యండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.
- డబ్బా మీద పేరు, తేదీ రాయండి.
- షెడ్డులో కాదు, ఇంట్లో, వెలుతురు తగలని చోట పెట్టండి. పసుపు గుణం వెలుతురికి తగ్గుతుంది.
- నెలకి సరిపడా మాత్రమే పొడి కొట్టించండి. కొమ్ముగా, చక్రంగా ఉంటే ఎక్కువ రోజులు ఆగుతుంది.

5. కలిపే వరస

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 100 కిలోల దాణాలో 600 గ్రాముల పొడి నేరుగా గుమ్మరిస్తే ఒక తొట్టిలో ముద్దలు, ఇంకో తొట్టిలో ఏమీ ఉండదు. కొన్ని కోళ్లు ఘాటుకి మేత మానేస్తాయి, మిగతావాటికి అందనే అందదు. అందుకే రెట్టింపు చేసుకుంటూ కలపాలి.

100 కిలోలకి, పసుపు 300 గ్రాములు, వెల్లుల్లి పొడి 300 గ్రాములు:

1) రెండు పొడులూ చిన్న కాటా మీద విడివిడిగా తూచండి. గుప్పెళ్ల లెక్క వద్దు.

2) ఆ 100 కిలోల్లోంచే తీసిన సన్న మొక్కజొన్న పిండి 600 గ్రాములు కలపండి. మొత్తం 1.2 కిలోలు అవుతుంది.

3) ఇంకో 1.2 కిలోల పిండి చేర్చి 2.4 కిలోలు చెయ్యండి.

4) 2.6 కిలోలు చేర్చి 5 కిలోలు చెయ్యండి.

5) 5 కిలోలు చేర్చి 10 కిలోలు చెయ్యండి. ప్రతిసారీ రంగు ఒకేలా అయ్యేదాకా తిప్పండి.

6) మిక్సర్‌లో ముందు సగం మొక్కజొన్న, సోయా వేసి, ఆ పైన ఈ 10 కిలోల మిశ్రమం, విటమిన్లు, ఖనిజాలు వేసి, చివర మిగతా మొక్కజొన్న వెయ్యండి. నూనె అన్నిటికన్నా ఆఖర్న. ముందే పోస్తే పొడి ఉండ కడుతుంది.

7) డ్రమ్ము మిక్సరైతే పది, పదిహేను నిమిషాలు తిప్పండి. పారతో కలిపేవాళ్లు కుప్పని ఒక చోటునుంచి ఇంకో చోటుకి పూర్తిగా నాలుగుసార్లు తిరగెయ్యండి.

సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి పసుపే పనికొస్తుంది. 10 కిలోల మిశ్రమంలో ఐదు చోట్లనుంచి చిటికెడు చొప్పున తీసి తెల్ల గుడ్డ మీద దూరదూరంగా పెట్టండి. ఒక్కోదాని మీద రెండు చుక్కలు సున్నపు తేట వెయ్యండి. పసుపు ఉన్నచోట ఎర్రబడుతుంది. ఐదు మచ్చలూ ఒకే ఎరుపులో ఉంటే కలిసినట్టు. ఒకటి పాలిపోయి ఇంకొకటి కుంకుమలా ఉంటే మళ్లీ తిప్పండి. ఆ చిటికెళ్లు కోళ్లకి వెయ్యకుండా పారేయండి.

క్రంబుల్, పెల్లెట్ వాడేవాళ్లకి ఉపాయం: 50 కిలోల బస్తాని శుభ్రమైన టార్పాలిన్ మీద పరిచి, 250 మిల్లీలీటర్ల తవుడు నూనె గాని సోయా నూనె గాని సన్నగా చిలకరించి రెండుసార్లు తిప్పండి. నూనె పట్టాక పొడి చల్లి మళ్లీ తిప్పండి. పొడి గింజకి అంటుకుంటుంది. ఇలా చేసిన దాణా మూడు రోజుల్లో వాడెయ్యాలి, లేకపోతే నూనె ముక్కిపోతుంది.

కలిపిన మామూలు దాణా వానాకాలంలో వారానికి మించి నిలవ ఉంచొద్దు. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి అడుగు దూరంలో పెట్టండి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో కొత్తగా కలపకపోవడమే మేలు. 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం వైపు కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు నీళ్లు, పరదాలు చూసుకోవడానికే మనిషి సరిపోడు.

6. ఏ వయసులో ఏం వెయ్యాలి

మొదటి పది రోజులు ఏమీ వెయ్యకండి. పిల్ల మేత అలవాటు చేసుకునే రోజులవి. ఘాటు, చేదు తగిలితే తిండి తగ్గుతుంది, ఆ తగ్గుదల అమ్మే రోజు దాకా వెంటాడుతుంది.

11 నుంచి 13వ రోజు వరకు సగం మోతాదు. 14 నుంచి పూర్తి మోతాదు, పసుపు 3 గ్రాములు, వెల్లుల్లి 3 గ్రాములు.

ఫినిషర్‌లో మునగాకు చేర్చేటట్టయితే మొదటి మూడు రోజులు 5 గ్రాములతో మొదలుపెట్టి 15కి పెంచండి.

అమ్మకానికి వారం ముందు వెల్లుల్లి, మెంతులు పూర్తిగా ఆపండి. మోతాదు ఎక్కువైనప్పుడు వాటి వాసన మాంసంలోకి వస్తుంది. ఎండు చేపల పొడి వాడేవాళ్లు దాన్ని కూడా అప్పటికే ఆపి ఉండాలి. పసుపు, మునగాకు ఆఖరి రోజు దాకా వెయ్యొచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో ఉక్కకి కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు పొడుల మోతాదు పెంచడం వల్ల ఉపయోగం లేదు. మిట్టమధ్యాహ్నం మేత తీసేసి, తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వెయ్యండి. ఉసిరి పొడి వాడితే ఆ చల్లపూట మేతలోనే కలపండి. చల్లని నీళ్లు, గాలి ఆడే షెడ్డు చేసే మేలు ఏ పొడీ చెయ్యదు.

7. నీళ్లలో కషాయం ఇవ్వాలా?

వీలైతే వద్దు. నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలు) మూసుకుపోతాయి, పైపుల్లో జిగురు పడుతుంది, ఆ జిగురులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మేత తగ్గినా నీళ్లు తాగుతున్న కోళ్లకి ఒకటి రెండు రోజులు ఇవ్వాలనుకుంటే:

- రెండు మడతల గుడ్డతో వడగట్టండి.
- నాలుగైదు గంటల్లో తాగేంత మాత్రమే కలపండి.
- తర్వాత మంచినీళ్లు వదిలి పైపులు కడగండి.
- నీళ్లలో టీకా వేసే రోజు, దానికి ముందు రోజు, తర్వాత రోజు కషాయం వద్దు.

8. మందుల కోర్సు నడుస్తుంటే

డాక్టర్ ఏదైనా మందు రాస్తే, అది అయ్యేదాకా పొడులు ఆపండి. ముఖ్యంగా పసుపుతో మిరియాలు కలిపేవాళ్లు. మిరియాల్లోని పైపరిన్ పసుపుతోపాటు మందుల్ని కూడా ఒంట్లోకి ఎక్కువగా ఎక్కిస్తుంది. మందు ఆపాక ఎన్ని రోజులకి అమ్మాలో సీసా మీద రాసిన గడువు పాటించండి. పొడి వేస్తున్నామని ఆ గడువు తగ్గదు.

"హెర్బల్ గ్రోత్" అని పేరు పెట్టి, లోపల ఏముందో రాయకుండా అమ్మే పొట్లాలు కొనకండి. వాటిలో యాంటీబయాటిక్ కలిసి ఉన్నా మీకు తెలియదు. మాంసానికి పెంచే జీవాలకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడం మన దేశంలో 2019 నుంచి నిషేధం.

9. ఖర్చు లెక్క

ఇది వేసుకోకుండా మొదలుపెట్టొద్దు. ధరలు లెక్క చూపడానికి అనుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టుకోండి.

వెయ్యి కోళ్లు, ఒక్కోటి 2 కిలోలు, కిలో బరువుకి 1.6 కిలోల మేత. అంటే కోడికి 3.2 కిలోల దాణా. మొదటి పది రోజులు తిన్న సుమారు 300 గ్రాములు తీసేస్తే పసుపు కలిసేది 2.9 కిలోల్లో. వెల్లుల్లి చివర ఆపుతాం కాబట్టి సుమారు 2.1 కిలోల్లో.

- పసుపు: 2.9 × 3 = కోడికి 8.7 గ్రాములు, వెయ్యింటికి 8.7 కిలోలు. కిలో 160 రూపాయలైతే 1,392.
- వెల్లుల్లి పొడి: 2.1 × 3 = 6.3 గ్రాములు, వెయ్యింటికి 6.3 కిలోలు. పొడి కిలోకి 400 పడితే 2,520.
- మొత్తం 3,912. కోడికి దాదాపు 3.90 రూపాయలు.

దాణా కిలో 40 రూపాయలనుకుంటే, ఈ 3.90 తిరిగి రావాలంటే కోడికి 98 గ్రాముల మేత మిగలాలి. అంటే 1.60గా ఉన్న మేత మార్పిడి (కిలో బరువుకి పట్టే మేత) 1.55కి రావాలి. అప్పుడు ఖర్చు వచ్చినట్టు, లాభం ఇంకా రానట్టు. ఖర్చులో ఎక్కువ భాగం వెల్లుల్లిదే అని గమనించండి. వెల్లుల్లి రేటు మండిపోయిన నెలల్లో పసుపు ఒక్కటే వెయ్యడం, లేదా పసుపుకి సొంత చెట్టు మునగాకు జోడించడం తెలివైన పని.

10. సగం షెడ్డులో వేసి చూడండి

షెడ్డు మొత్తానికి వేస్తే తేడా ఎప్పటికీ తెలియదు. పోయిన బ్యాచ్‌తో పోల్చడం కుదరదు, పిల్ల వేరు, వాతావరణం వేరు. వల కట్టి రెండు గదులు చేసి చెరో వంద కోళ్లు పెట్టండి. అదే పిల్ల, అదే దాణా, అంతే చోటు, అన్నే తొట్లు. ఒక గదికి పొడి కలిపిన దాణా, ఇంకో గదికి మామూలుది.

పుస్తకంలో రాయాల్సినవి:

- రోజూ వేసిన మేత, మిగిలిన మేత
- చనిపోయినవి
- వారానికోసారి, ఒకే వేళలో, ఒక్కో గదినుంచి ఇరవై కోళ్ల బరువు. ఎదురొచ్చినవి కాకుండా ఒక మూల తడికతో మూసి, అందులో పడినవన్నీ తూచండి. మనిషి చెయ్యి తెలియకుండానే పెద్ద కోడి మీదకి పోతుంది.
- అమ్మే రోజు మొత్తం బరువు

చివర ఈ లెక్క వెయ్యండి: బతికిన శాతం × సగటు బరువు × 100, దాన్ని (రోజులు × మేత మార్పిడి)తో భాగించండి. ఉదాహరణకి 96 శాతం, 2 కిలోలు, 35 రోజులు, 1.6 అయితే 19,200ని 56తో భాగిస్తే 343. రెండు గదుల్లో ఏది ఎక్కువో చూడండి. ఒక్క బ్యాచ్‌తో నిర్ణయించకండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూశాక నమ్మండి.

గరివిడిలో పశువైద్య కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఈ పుస్తకం పట్టుకెళ్లి అడిగితే మీకొచ్చే సలహా, వట్టి చేతులతో వెళ్లి అడిగినప్పటికంటే చాలా గట్టిగా ఉంటుంది.

11. మాంసం నాణ్యత: పట్టుబడి రోజే సగం

నెలంతా పసుపు తిన్న కోడినైనా మిట్టమధ్యాహ్నం తరిమి పట్టి, గంపల్లో కుక్కి, ఎండలో నిలబెడితే మాంసం పాలిపోతుంది, మెత్తబడి నీరు వదిలేస్తుంది.

- కోతకి ఎనిమిది నుంచి పన్నెండు గంటల ముందు మేత తీసెయ్యండి. ప్రయాణ సమయం కూడా అందులోనే.
- కోళ్లని పట్టేదాకా నీళ్లు ఉంచండి.
- రాత్రి గాని తెల్లవారుజామున గాని, తక్కువ వెలుతురులో పట్టండి.
- ఒక రెక్క పట్టి లేపొద్దు. రక్తపు గడ్డలు కడతాయి.

రెండు గదులనుంచి మూడేసి కోళ్లు కోయించి చూడండి. పొట్టలోని కొవ్వు ముద్ద తూచండి. రొమ్ము మాంసంలోంచి 100 గ్రాముల ముక్క కోసి, దారంతో కట్టి, సంచి అంచులకి తగలకుండా లోపల వేలాడదీసి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి మళ్లీ తూచండి. ఏ గది ముక్క ఎక్కువ నీరు కారిందో తెలుస్తుంది. ఇంకో ముక్క ఉప్పు, మసాలా ఏమీ లేకుండా ఉడికించి ఇంట్లోవాళ్ల చేత వాసన చూపించండి. ఏ ముక్క ఏ గదిదో వాళ్లకి చెప్పకండి.

12. తేడా వస్తే

తొట్టి అడుగున పసుపు పేరుకుంటోంది: కలపడంలో తప్పు. నూనె పద్ధతి పాటించండి. తొట్టిని మూడో వంతుకి మించి నింపకండి.

మేత తగ్గింది: చేదు ఎక్కువైంది. వేప, మెంతులు ఉంటే తీసెయ్యండి. మిగతావి రెండు రోజులు ఆపి సగంతో మళ్లీ మొదలుపెట్టండి. రెండు రోజుల్లో తిండి పెరగకపోతే కారణం పొడి కాదు, రోగం వెతకండి.

రెట్ట పల్చబడింది: మునగాకు వేస్తుంటే 5 గ్రాములకి దించండి. నీళ్ల ఉప్పదనం కూడా చూడండి.

రెట్ట ఆకుపచ్చగా ఉంది, కోళ్లు మాత్రం హుషారుగా తింటున్నాయి: మునగాకు రంగు కావచ్చు, భయం లేదు. కోళ్లు మెడ వాల్చి, మేత మాని, ఆకుపచ్చగా రెట్ట వేస్తుంటే అది కొక్కెర తెగులు లక్షణం. ఆ గంటలోనే డాక్టర్‌ని పిలవండి.

పొడికి ముక్కిన వాసన: మళ్లీ ఎండబెట్టి వాడొద్దు. బూజు చచ్చినా అది వదిలిన విషం పోదు. పారేయండి.

రెండు గదుల బరువులో తేడా లేదు: లిట్టర్ పొడిగా, నీళ్లు శుభ్రంగా, దాణా సరిగ్గా ఉన్న ఫారంలో ఇలా జరగడం సహజమే. అక్కడ పొడి చేయాల్సిన పని తక్కువ. ఆ డబ్బుతో పరదాలు మార్చుకోండి.

రెట్టలో రక్తం: కాక్సిడియోసిస్ (పేగుని దెబ్బతీసే పరాన్నజీవి రోగం) అనుమానించాలి. పొడులన్నీ ఆపండి, తడి ఊక తీయించండి, చనిపోయిన కోడిని చల్లగా ఉంచి అదే రోజు పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లి కోయించండి. వెల్లుల్లి మోతాదు పెంచి రేపటిదాకా చూద్దామనుకుంటే ఆ రాత్రికే షెడ్డులో పడిపోయేవి పెరుగుతాయి.